పెరటి ఫీడర్లు, చలికాలపు పిట్టల లెక్క

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ నవంబరు మొదలుకొని ఏప్రిల్ దాకా పెరట్లో గింజల ఫీడర్ వేలాడదీసి, దాని మీద వాలే అడవి పిట్టలను కిటికీలోంచి చూడటం ఇంటింటి అలవాటు. 2011లో అమెరికా ప్రభుత్వం జరిపిన జాతీయ సర్వేలో ఇంటి దగ్గర పిట్టలకు మేత పెడుతున్నామని చెప్పినవారు 5 కోట్లకు పైనే తేలారు. దీన్ని సాధారణంగా జీవకారుణ్యం కింద జమకడతారు. అది తప్పు కాదు. అయితే గత యాభై ఏళ్లలో పోగుపడిన సాక్ష్యాన్ని వరసగా పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. గింజల వల్ల పిట్టలకు జరిగిన మేలు నిజమే గాని, దానికో హద్దుంది. ఆ గింజల ఎదుట కూర్చుని మామూలు మనుషులు పద్ధతిగా రాసిన లెక్కల వల్ల జరిగిన మేలు అంతకంటే చాలా పెద్దది. పైగా, గమనించే కన్ను లేనిచోట మేతే పిట్టల పాలిట ముప్పు కావచ్చు. కాబట్టి ఈ అలవాటులో అసలు పని చూడటమే. మేత పెట్టడం దానికి సాధనం.

చలికాలమే ఎందుకంటే, ఆ దేశాల్లో పిట్టకు చలికాలం ఆకలికాలం. పురుగులు బెరడు సందుల్లో దాక్కుంటాయి, గడ్డిగింజల మీద మంచు పేరుకుంటుంది, పగటివేళ తొమ్మిది గంటలకు కుదించుకుపోతుంది, రాత్రి పదిహేను గంటలు సాగుతుంది. నల్లటోపీ చికడీ అనే చిన్న పిట్ట బరువు సుమారు 11 గ్రాములు, అంటే మూడు నాలుగు రూపాయి బిళ్లలంత. పగలు దాని ఒంటి వేడి 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. చలి మరీ ముదిరిన రాత్రుల్లో చెట్టు తొర్రలో ముడుచుకుని, ఆ వేడిని పది పన్నెండు డిగ్రీలు తగ్గించుకుని, వణుకుతూనే తెల్లవారేదాకా నెట్టుకొస్తుంది. పగలంతా తిని కూడబెట్టిన కొవ్వు ఒక్క రాత్రిలో దాదాపు కరిగిపోతుంది. తెల్లవారగానే మళ్లీ మొదటినుంచి వేట. ఫీడర్ దగ్గర దాన్ని కాసేపు గమనిస్తే ఈ లెక్కంతా కళ్లకు కడుతుంది. వచ్చి వాలుతుంది, ఒక్కటంటే ఒక్క పొద్దుతిరుగుడు గింజను ముక్కున కరుచుకుంటుంది, మరుక్షణం పక్క కొమ్మ మీద ఉంటుంది. గింజను రెండు కాళ్ల మధ్య అదిమిపట్టి, ముక్కుతో టకటకా పొడిచి పొట్టు విప్పి తింటుంది. లేదంటే బెరడు సందులో దాచేస్తుంది. అలా వందల చోట్ల దాచినవాటిని తర్వాత వెతికి పట్టుకోగలదు. ఆ జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం గింజలు దాచే పిట్టల్లో పెద్దదిగా ఉంటుందని పరిశోధకులు గుర్తించారు.

ఇలాంటి పిట్టకు ఫీడర్ ఎంత సాయం చేస్తుంది? దీనికి గట్టి జవాబు విస్కాన్సిన్ రాష్ట్రంలో దొరికింది. మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, మేత అందుబాటులో ఉన్న చికడీల్లో 69 శాతం చలికాలం దాటగా, మేత లేని అడవుల్లో దాటినవి 37 శాతమే. చాలా పెద్ద తేడా ఇది. కానీ ఆ తేడా అంతా ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. మామూలు చలి ఉన్న నెలల్లో రెండు గుంపులకూ పెద్ద వ్యత్యాసం లేదు. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల కంటే కిందికి రోజుల తరబడి పడిపోయిన నెలల్లోనే మేత ప్రాణాలు నిలిపింది. అంటే ఫీడర్ ఆ పిట్టకు రోజువారీ కూడు కాదు, గడ్డురోజుల ఆసరా. రుచి మరిగిన పిట్ట సొంతంగా మేత వెతుక్కోవడం మరచిపోతుందని, ఊరెళ్లినప్పుడు తొట్టి ఖాళీ అయితే చచ్చిపోతుందని చాలామందికి భయం. అదే పరిశోధకులు 1992లో దాన్నీ పరీక్షించారు. పాతికేళ్లుగా మేత పెడుతున్న చోట ఫీడర్లు తీసేసి, ఎన్నడూ పెట్టని చోటితో పోల్చారు. బతికిన పిట్టల పాళ్లలో తేడా రాలేదు. తమకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం చికడీలు అడవినుంచే తెచ్చుకుంటున్నాయి. ఈ ఫలితం మేత పెట్టేవారి భయాన్ని తీరుస్తుంది, వారి గొప్పను కూడా కాస్త తగ్గిస్తుంది. ఫీడర్ లేకపోతే పిట్ట లేదన్న మాటకు ఆధారం లేదు.

ఏ పిట్ట వస్తుందనేది ఏం పెట్టామన్నదాని మీద ఆధారపడుతుంది. నల్ల పొద్దుతిరుగుడు గింజలకు చికడీలు, నట్‌హాచ్‌లు, ఎర్రటి కార్డినళ్లు వస్తాయి. పశువుల కొవ్వుతో చేసిన ముద్దలను వడ్రంగిపిట్టలు ఇష్టపడతాయి. నేలరాలిన చిరుధాన్యాలను జంకోలు, గువ్వలు ఏరుకుంటాయి. గోల్డ్‌ఫించ్‌లకు మాత్రం సన్నటి నల్ల గింజ ఒకటి కావాలి, దానికోసం సన్న రంధ్రాల గొట్టపు ఫీడర్లు ప్రత్యేకంగా అమ్ముతారు. ఆ గింజ తెలుగువారికి కొత్తది కాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయను పసుపు పచ్చగా మార్చే వలిసెల గింజే అది. అమెరికాకు ఇది ప్రధానంగా ఇథియోపియా, భారతదేశం వంటి దేశాలనుంచి వెళుతుంది. గింజలతోపాటు బంగారుతీగ వంటి పరాన్నజీవి కలుపు విత్తనాలు వచ్చిపడతాయన్న భయంతో, వాటిని 120 డిగ్రీల వేడిలో పావుగంట ఉంచి మొలకెత్తకుండా చేశాకే అక్కడి వ్యవసాయ శాఖ దిగుమతికి ఒప్పుకుంటుంది. పెరట్లో వేలాడే చిన్న గొట్టం వెనక ఖండాంతర వ్యాపారం, చీడపీడల చట్టం రెండూ ఉన్నాయి.

చలికాలంలో పిట్టలకు పిడికెడు గింజలు చల్లడం పాత అలవాటే. 1890-91లో బ్రిటన్‌లో చలి ముదిరినప్పుడు పిట్టలకు తిండి పెట్టమని పత్రికలు జనాన్ని కోరాయి. లెక్క మాత్రం తర్వాత వచ్చింది. అమెరికాలో క్రిస్మస్‌నాడు తుపాకులు పట్టి ఎవరు ఎక్కువ పిట్టలను కొడతారో పందెం వేసుకునే రోజుల్లో, 1900లో పక్షిశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ చాప్మన్ ఆ రోజున చంపడం మాని లెక్కపెడదామని పిలుపిచ్చాడు. క్రిస్మస్ పక్షుల గణన అలా పుట్టి నేటికీ సాగుతోంది. కాని అది ఏడాదికి ఒక్కరోజు పని. చలికాలం పొడుగునా ఏం జరుగుతోందో తెలియాలంటే ఇంటిపట్టున ఉండి చూసేవారు కావాలి. కెనడాలో లాంగ్ పాయింట్ పక్షి పరిశీలనా కేంద్రం తరఫున 1976లో ఎరికా డన్ ఒంటారియో ఫీడర్ల సర్వే మొదలుపెట్టింది. పదేళ్లు నడిచాక అది ఒక్క రాష్ట్రానికి పరిమితం కారాదని తేలింది. పిట్టల రాకపోకలు ఖండమంతటి వ్యవహారం కాబట్టి, కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలతో కలిసి 1987-88 చలికాలంలో ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ ఆరంభమైంది. మొదటి ఏడే నాలుగు వేల పైచిలుకు మంది చేరారు. బ్రిటన్‌లో ఇదే కాలంలో ఇలాంటి సర్వేలు వచ్చాయి. పక్షిశాస్త్ర ట్రస్టు వారి ఫీడర్ల సర్వే 1970-71లోనూ, పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ వారి జనవరి గణన 1979లోనూ మొదలయ్యాయి.

ఫీడర్‌వాచ్ పద్ధతి చూడటానికి చాలా సులువు, కాని వెనక చాలా ఆలోచన ఉంది. చూసే చోటు ఒకటే ఉండాలి, సీజన్ మధ్యలో మార్చకూడదు. వరసగా రెండు రోజులు ఎంచుకుని, ఆ రోజుల్లో వీలైనంతసేపు గమనించాలి. మళ్లీ లెక్కపెట్టడానికి కనీసం ఐదు రోజుల విరామం ఇవ్వాలి. అసలు కిటుకు అంకె వేయడంలో ఉంది. పొద్దున మూడు చికడీలు, మధ్యాహ్నం నాలుగు, సాయంత్రం రెండు కనిపిస్తే రాయవలసింది తొమ్మిది కాదు, నాలుగు. ఒకే పిట్ట రోజుకు వందసార్లు వచ్చిపోతుంది, ఒకదానికి ఇంకోదానికి తేడా మన కంటికి ఆనదు. కూడుకుంటూ పోతే పది పిట్టలు నూరవుతాయి. ఒకేసారి కంటిముందున్న గరిష్ఠ సంఖ్య మాత్రం అబద్ధం చెప్పదు. నిజానికంటే తక్కువ చూపవచ్చేమోగాని ఎక్కువ చూపదు. అందరూ అదే తీరున తక్కువ చూపితే, ఏడాదికీ ఏడాదికీ మధ్య పోలిక నిలుస్తుంది. ఎంతసేపు చూశారో, మంచు ఎంత పడిందో కూడా రాయాలి. ఏ పిట్టా రాని రోజున సున్నా రాసి పంపాలి. కొత్తవారు తరచూ వదిలేసేది ఈ సున్నానే. పిట్ట లేకపోవడానికీ చూసేవారు లేకపోవడానికీ తేడా చెప్పేది అదొక్కటే.

ఈ చిన్న అంకెలన్నీ కలిసి చెప్పిన సంగతుల్లో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈవెనింగ్ గ్రోస్‌బీక్‌ది. పసుపు, నలుపు, తెలుపు రంగులతో లావు ముక్కున్న ఈ పిట్ట ఒకప్పుడు చలికాలంలో గుంపులు గుంపులుగా దిగి తొట్టెలు ఖాళీ చేసేది. వేసవిలో ఇది మనుషులకు అందని ఉత్తరాది అడవుల్లో గూడు కడుతుంది, చలికాలంలో ఎప్పుడు ఎటు వస్తుందో తెలియదు. మామూలు సర్వేలకు ఇది చిక్కే పిట్ట కాదు. 1988 నుంచి 2006 దాకా ఫీడర్‌వాచ్ లెక్కలను డేవిడ్ బాంటర్, మైఖేల్ హార్వే పరిశీలిస్తే, ఇది కనిపించిన పెరళ్ల పాలు సగానికి పడిపోయిందని, కనిపించిన చోట కూడా గుంపు 27 శాతం చిన్నదైందని తేలింది. ఏ ఒక్క ఇంటివారినడిగినా ‘ఈ ఏడు రాలేదు, వచ్చే ఏడు వస్తాయిలే’ అనే అంటారు. వేల పెరళ్లనుంచి ఏళ్ల తరబడి లెక్కలు వచ్చినందువల్లే ఆ రాకపోవడం తాత్కాలికం కాదని తెలిసింది. అలాగే 38 జాతుల మీద రెండు దశాబ్దాల లెక్కలు తీసుకున్న మరో అధ్యయనం, చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలు పెరిగేకొద్దీ దక్షిణాది పిట్టలు ఉత్తరాది పెరళ్లలోకి ఎలా జరుగుతున్నాయో చూపించింది. వీటిలో కరోలినా రెన్ ఒకటి. పడమటి తీరంలో అన్నా హమ్మింగ్‌బర్డ్ చలికాలంలో ఉత్తరానికి విస్తరించడంలో చక్కెరనీళ్ల ఫీడర్లకు, ఊళ్లలోని పెరళ్లకు పాత్ర ఉన్నట్టు 2017లో వెల్లడైంది. ఫీడర్ దగ్గర ఎవరు ఎవరిని తరిమారో కూడా కొందరు రాసి పంపుతారు. ఆ పోట్లాటలన్నీ కూర్చితే పిట్టల లోకపు పెత్తనాల వరస తయారైంది. ఎక్కువ బరువున్నదే సాధారణంగా గెలుస్తుంది, కాని వడ్రంగిపిట్టలు తమ ఒంటికి మించిన జబర్దస్తీ చూపుతాయి, గువ్వలు తమ బరువుకు తగ్గ దబాయింపు కూడా చూపవు.

ఇక గట్టి అభ్యంతరానికి రావాలి. ఫీడర్ రోగాన్ని పంచుతుంది. అడవిలో అంతటా చెల్లాచెదురై తిరిగే పిట్టలను ఒకే రంధ్రం దగ్గరికి రప్పించి, ఒకదాని కంటిచెమ్మ తగిలిన చోటే ఇంకోదాని కన్ను ఆనేలా చేస్తాం. 1994 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నగర పరిసరాల్లో హౌస్ ఫించ్‌లు కళ్లు వాచి, రెప్పలు అంటుకుపోయి, తొట్టి మీదే గుడ్డిగా కూర్చుండిపోవడం పెరటి పరిశీలకుల కంటబడింది. కారణం మైకోప్లాస్మా గాలిసెప్టికం అనే సూక్ష్మజీవి. మన కోళ్ల రైతులు సీఆర్‌డీ అని పిలిచే శ్వాసరోగానికి మూలం ఇదే. ఈ పిట్టలు తూర్పు అమెరికాకు స్థానికం కూడా కావు. 1940 ప్రాంతంలో న్యూయార్క్ దగ్గర పంజరాలనుంచి వదిలిన కొన్నింటి సంతానం. తూర్పు రాష్ట్రాలంతటా రోగం కొన్నేళ్లలో పాకింది. పిట్టలు దట్టంగా ఉన్నచోటే ఎక్కువగా తగ్గాయని, దాదాపు ఒకే సాంద్రత దగ్గర ఆగాయని పరిశోధకులు హొహాచ్కా, డాంట్ 2000లో చూపారు. ఫీడర్ మీద ఎక్కువసేపు గడిపే పిట్టే రోగాన్ని ఎక్కువగా అంటించుకుంటుందని, ఎక్కువగా అంటిస్తుందని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనాస్ రోగంతో గ్రీన్‌ఫించ్‌లు రాలిపోయి, 2021లో ఆ పిట్ట ప్రమాదంలో ఉన్నవాటి ఎర్ర జాబితాకెక్కింది. 2025 ఆరంభంలో ఆర్‌ఎస్‌పీబీ చదునైన పళ్లేల ఫీడర్ల అమ్మకాన్ని ఆపేసింది.

ఈ నేరం ఫీడర్‌ది కాదని వాదించలేం. అయితే ఈ రోగాలన్నిటినీ పసిగట్టిందెవరో కూడా చూడాలి. అడవిలో జబ్బుచేసిన పిట్ట ఒక్క రాత్రిలో నక్కకో డేగకో ఆహారమవుతుంది, ఎవరికీ తెలియదు. హౌస్ ఫించ్ కంటిజబ్బు నెలనెలా ఎటు కదిలిందో పటం గీయగలిగింది కిటికీల దగ్గర కూర్చున్న వేలమంది వల్లే. అడవి పిట్టల్లో ఒక అంటురోగం వ్యాప్తిని ఇంత వివరంగా వెంబడించిన సందర్భాలు అరుదు. కాబట్టి చూడకుండా పెట్టే మేతనే తప్పుపట్టాలి. ఉబ్బిన కన్ను, గుండ్రంగా ఉబ్బించుకున్న ఈకలు, దగ్గరికి వెళ్లినా ఎగరని బద్ధకం కనిపించగానే ఫీడర్ దించేసి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొన్ని వారాలు ఆపేయాలి. రోగం లేనప్పుడు కూడా రెండు వారాలకోసారి కడగాలి, కిందపడి బూజు పట్టిన గింజలను ఊడ్చేయాలి. 2020-21 చలికాలంలో పైన్ సిస్కిన్‌లు సాల్మొనెల్లాతో చనిపోతున్నప్పుడు పడమటి రాష్ట్రాల అధికారులు ఫీడర్లు దించమని కోరారు. ఆ కబురు అందుకుని తక్షణం పాటించగలిగేది పిట్టలను రోజూ చూసే ఇంటివారే.

కిటికీ అద్దాలు, పిల్లుల సంగతి రోగాలంత చర్చ అవసరం లేనిది. అద్దాలకు గుద్దుకుని అమెరికాలో ఏటా 36 కోట్లనుంచి 99 కోట్ల దాకా పిట్టలు చస్తున్నాయని ఒక అంచనా. ఫీడర్‌ను అద్దానికి మీటరులోపు పెడితే పిట్టకు వేగం అందుకునే దూరం ఉండదు, పది మీటర్ల అవతల పెడితే అద్దం వైపు దూసుకొచ్చే అవసరం రాదు. మధ్య దూరాలే ప్రాణాంతకం. పిల్లిని ఇంట్లో ఉంచుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం ఇంకోటుంది. ఫీడర్ అందరికీ సమానంగా మేలు చేయదు, దబాయించి తినగల పిట్టలకే చేస్తుంది. వాటి సంఖ్య పెరిగి, పక్క అడవిలో బిడియంగా బతికే జాతులకు గూటి తొర్రలు కూడా దక్కకుండా చేస్తాయని బ్రిటన్ పరిశోధకులు 2021లో హెచ్చరించారు. ఇందులో బలముంది. బ్రిటన్ తోటల్లో దశాబ్దాలుగా రకరకాల మేత పెట్టడంతో ఫీడర్ పిట్టల సమాజమే మారిపోయిందని 2019లో తేలింది. మధ్య యూరప్‌లో గూడు కట్టే బ్లాక్‌క్యాప్‌లు కొన్ని దక్షిణానికి బదులు బ్రిటన్ తోటలకు వచ్చి చలికాలం గడపడానికి అలవాటుపడటంలోనూ ఆ మేత పాత్ర ఉంది. ఒక వలస దారినే మన గింజలు వంచుతున్నాయంటే, వేలాడదీసి మరచిపోయే వ్యవహారం కాదిది. ఇందుకు సమాధానం మేతను మితంగా పెట్టడం, అరుదైన జాతులు మిగిలిన అడవి అంచున అసలు పెట్టకపోవడం, పెరట్లో స్థానిక చెట్లూ పొదలూ పెంచడం. ఏ పిట్ట పెరిగింది, ఏది తగ్గింది అన్న లెక్క లేకపోతే ఈ అభ్యంతరాన్ని తీర్చడం మాట అటుంచి, లేవనెత్తడం కూడా కుదిరేది కాదు.

శిక్షణ లేనివారి లెక్కలు శాస్త్రానికి పనికొస్తాయా అన్న ప్రశ్న పాతదే, న్యాయమైనదే. మామూలు వ్యక్తి డౌనీ వడ్రంగిపిట్టను హెయిరీ వడ్రంగిపిట్ట అనుకుంటాడు. కూపర్స్ డేగకు, దానికంటే కొంచెం చిన్నదైన షార్ప్-షిన్డ్ డేగకు తేడా నిపుణులకే ఒక్కోసారి తేలదు. అందుకే ఆ ప్రాంతానికి, ఆ కాలానికి పొసగని నివేదికలను ఫీడర్‌వాచ్ పక్కనపెట్టి ఫొటోనో వివరాలో అడుగుతుంది. మిగిలిన పొరపాట్లు ఏటా దాదాపు ఒకే పాళ్లలో ఉంటాయి కాబట్టి పెరుగుదల తరుగుదలల దిశను చెరపలేవు. ఇంకా చిక్కైన లోపం వేరు. ఫీడర్ ఉన్న ఇళ్లన్నీ తోటలున్న ఇళ్లు, స్థిమితంగా కూర్చోగల కుటుంబాలు. అడవి నడిబొడ్డు, పొలాలు, పేదల వాడలు ఈ పటంలో తక్కువగా కనిపిస్తాయి. పైగా అడవిలో స్ప్రూస్, బిర్చ్ చెట్లు విరగకాసిన ఏడు పిట్టలు పెరటికి రావు, కాయని ఏడు ఊళ్ల మీద పడతాయి. ఒక్క ఏటి అంకె చూసి ‘తగ్గాయి’ అంటే తప్పు. అందుకే ఈ లెక్క ఒంటరిగా నిలబడదు, వేసవి సర్వేలు, క్రిస్మస్ గణన, వలసపిట్టల రాడార్ లెక్కల పక్కన పెట్టి చదవాలి. ఉత్తర అమెరికాలో 1970 తర్వాత దాదాపు 290 కోట్ల పిట్టలు తగ్గాయని 2019లో వచ్చిన అధ్యయనం అలా పలు రకాల లెక్కలను కలిపి తేల్చిందే. తగ్గినవాటిలో ఫీడర్ కింద గింజలేరుకునే జంకోలే 16 కోట్లకు పైగా ఉన్నాయి. అరుదైన పిట్ట మీద అందరి కన్నూ ఉంటుంది. జంకో వంటి మామూలు పిట్టను లెక్కపెట్టే ఓపిక పెరటి మనిషికే ఉంటుంది.

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ పని ఉన్నదున్నట్టుగా అందుబాటులో ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో పరిస్థితి వేరు. ఇక్కడ చలికాలం పిట్టలకు కరువుకాలం కాదు. పంట ఇంటికొచ్చే కాలం, ఉత్తరాదినుంచి వలసపిట్టలు దిగే కాలం. పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చులు కట్టే ఆచారం పంట పంచుకోవడం కిందికి వస్తుంది, ప్రాణాలు నిలపడం కిందికి రాదు. హైదరాబాదు కూడళ్లలో బస్తాల కొద్దీ జొన్నలు చల్లి పావురాలను పెంచడం మాత్రం చూపు లేని మేతకు సరైన ఉదాహరణ. అక్కడ పెరిగేది ఒకే ఒక జాతి, దాని రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బుల భయం, ఎవరి దగ్గరా లెక్క లేదు. కాబట్టి అమెరికా పెరటినుంచి ఇక్కడికి తెచ్చుకోవలసింది గింజల సంచి కాదు, ఆ రాతపద్ధతి. దానికి ఫీడర్ అవసరమే లేదు. కార్నెల్ వారూ ఆడుబాన్ సంస్థా కలిసి 1998లో ఆరంభించిన ఫిబ్రవరి పెరటి పక్షుల గణన 2013లో ప్రపంచమంతటికీ విస్తరించింది, భారతదేశంలో ఏటా జరుగుతోంది. నాలుగు రోజుల్లో ఎప్పుడైనా, మేడ మీదైనా బడి ఆవరణలోనైనా, కనీసం పావుగంట నిలబడి, కనిపించిన, వినిపించిన ప్రతి పిట్టనూ సంఖ్యతో సహా రాసి ఈబర్డ్ అనే వెబ్‌సైటులోకి ఎక్కించాలి. కాకుల్ని, గోరింకల్ని ‘మామూలువేగా’ అని వదిలేయకూడదు.